పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మొత్తం మార్చమంటా ఉన్నారు, ఏం చెయ్యాలి అక్కా?

ప్రశ్న: అక్కా, మాది చిత్తూరు. మా కంపెనీ చిన్నది, అంతా కలిపి నలుగురం. మామిడికాయల మండీలకి, హోల్‌సేల్ అంగళ్లకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిస్తాం. మా సార్ ఇరవై ఏళ్ల కింద ఫాక్స్‌ప్రో అనే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో రాసిందే ఇప్పటికీ అన్ని చోట్లా నడస్తా ఉంది. సార్ వాళ్లబ్బాయి ఈమధ్యే బెంగళూరు నుంచి వచ్చి ఇదంతా పాతది, తీసి పారేసి మొబైల్ యాప్, క్లౌడ్, ఏఐ పెట్టి మొత్తం కొత్తగా రాద్దాం అంటున్నాడు. సారేమో కస్టమర్లు పోతారు, ఒక్క బటన్ కూడా కదపొద్దంటాడు. స్క్రీన్లు డిజైన్ చేసేది నేనే కాబట్టి ఇద్దరూ నా మీదే పడతా ఉన్నారు. నాకైతే సింపుల్‌గా, వాడేవాళ్లకి ముచ్చటేసేటట్టు చెయ్యాలని ఉంది. యాడ మొదలుపెట్టాలి?

జవాబు: తమ్ముడూ, ఇద్దరి మాటా సగం సగం కరెక్టే అని మధ్యలో ఒక గీత గీసి ఇస్తాననుకోవద్దు, అట్ల చేస్తే ఎవరికీ పనికిరాని వస్తువొకటి తయారవుతుంది. నీ ఉత్తరంలో నాకు కనపడింది ఏమంటే వాళ్లిద్దరూ గొడవపడతా ఉండేది ఒకే వస్తువు గురించి కాదు. సార్ కాపాడతా ఉండేది గుమస్తాల చేతులకి అలవాటైన పనిని. వాళ్లబ్బాయి తిడతా ఉండేది లోపల డేటా ఉండే తీరుని. పైనుండేది ఒకటి, కిందుండేది ఒకటి. ఈ రెండూ విడదీసి ఇద్దరి ముందర పెడితే గొడవలో సగం ఆడికే తీరిపోతుంది, మిగతా సగం గురించి చెప్తా.

ముందు చేతుల సంగతి. తోతాపురి సీజన్లో, జూన్ నెలలో ఏదైనా మండీకి పోయి గమ్మున ఒక మూల కూర్చో, ఏమీ అడగొద్దు, ఉత్త చూడు. కాటా దగ్గర నుంచి ఒకడు బరువు అరుస్తా ఉంటాడు, బయట ట్రాక్టర్లు వరసగా నిలబడుంటాయి, రైతులు కౌంటర్ మీదికి వంగి ఉంటారు, గుమస్తా స్క్రీన్ వైపు చూడకుండానే నంబర్లు కొట్టుకుంటా ఎంటర్, ఎంటర్, ఎంటర్, ఒక ఫంక్షన్ కీ, ప్రింట్, అంతే. మౌస్ యాడో కీబోర్డు వెనకాల దుమ్ము పట్టి ఉంటుంది. ఆ బూడిదరంగు స్క్రీన్ చూడ్డానికి బాగుండదు నిజమే, కానీ ఆయనకి అది కనపడనే కనపడదు కదా, ఆయన పని చేసేది వేళ్లతో. ఇప్పుడు అదే చోట నువ్వు అందమైన వెబ్ పేజీ పెట్టి, రైతు పేరుకి ఒక డ్రాప్‌డౌన్, రకానికి ఇంకో డ్రాప్‌డౌన్, తేదీకి క్యాలెండర్, సేవ్ కొడితే గిర్రున తిరిగే చక్రం పెట్టినావనుకో, పది మంది చూసి సూపర్ అంటారు, ఆ ఒక్క మనిషి మాత్రం మూడో రోజే పాతది తిరిగి వెయ్యండి సార్ అని ఫోన్ చేస్తాడు. అది మొండితనం కాదు. ఏళ్ల తరబడి సంపాదించుకున్న వేగాన్ని మనం లాగేసుకున్నాం అని ఆయన బాధ, అది న్యాయమైన బాధ.

స్పీడు గురించి ఒక లెక్క మన లైన్లో అందరూ వాడేదే. కీ కొట్టినాక సెకనులో పదో వంతు లోపల జవాబొస్తే మనిషికి అది తన చేత్తోనే అయినట్టు అనిపిస్తుంది, ఒక సెకను దాటితే ఆలోచన తెగుతుంది, పది సెకన్లు దాటితే మనసు వేరే పనికి పోతుంది. మీ ఫాక్స్‌ప్రో ప్రోగ్రాం అదే మెషీన్లో ఉండే ఫైల్లోకి రాస్తుంది కాబట్టి మొదటి లెక్కలో ఉంటుంది. దాన్ని తీసుకపోయి ప్రతి ఎంటర్‌కీ ఇంటర్నెట్ మీద యాడో ఉండే సర్వర్‌ని అడిగొచ్చేటట్టు చేస్తే, బంగారుపాళ్యం పక్కన సిగ్నల్ సరిగ్గా లేని మండీలో ఏమవుతుందో నువ్వే ఊహించుకో. అందుకని నా మొదటి మాట ఇది: బిల్లు కొట్టే స్క్రీన్లో కీల వరస, ఫీల్డుల వరస, కర్సర్ ఆగే చోట్లు, వీటిని యథాతథంగా ఉంచు. రంగు మార్చుకో, అక్షరాలు పెద్దవి చేసుకో (గుమస్తాలకి వయసు పెరిగింది, అద్దాలొచ్చుంటాయి, ఇది మాత్రం తప్పకుండా చెయ్), కానీ వేళ్ల దారి మార్చొద్దు.

ఇంత పెద్ద మైక్రోసాఫ్టుకే ఈ విషయం అనుభవంలోకొచ్చింది. 2012 అక్టోబర్లో విండోస్ 8 తెచ్చి అందరికీ అలవాటైన స్టార్ట్ బటన్ తీసేసినారు, జనం గోల గోల చేస్తే ఏడాదికే 8.1లో బటన్ వెనక్కి తెచ్చినారు, 2015లో విండోస్ 10 వచ్చేసరికి స్టార్ట్ మెనూ కూడా తిరిగొచ్చింది. అదే కంపెనీ ఆఫీస్ 2007లో మెనూలు మొత్తం ఎత్తేసి రిబ్బన్ (పైన బటన్ల పట్టీ) పెట్టినప్పుడు మాత్రం ఒక తెలివైన పని చేసింది: పాత మెనూల్లో ఆల్ట్ పట్టుకుని కొట్టే కీల వరసలు చాలావరకు లోపల అట్లనే పనిచేస్తాయి. ఎక్సెల్లో పేస్ట్ స్పెషల్ కోసం ఆల్ట్, ఈ, ఎస్ కొట్టడం అలవాటైన అకౌంటెంటు ఈరోజుకీ అదే కొడతాడు, పని అయిపోతుంది, మెనూ లేదు గానీ దారి ఉంది. ఇంకా లోతుగా పోతే అదే ఎక్సెల్లో 1900 ఫిబ్రవరికి 29వ తేదీ ఉంటుంది, నిజానికి 1900 లీపు సంవత్సరం కానే కాదు. అంతకు ముందు అందరూ వాడిన లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్‌లో ఆ తప్పు ఉండేది, లోటస్ ఫైళ్లు తెచ్చుకుంటే తేదీలు తారుమారు కాకూడదని ఎక్సెల్ వాళ్లు ఆ తప్పుని తెలిసే ఉంచుకున్నారు. జనం లెక్కలు దాని మీద నిలబడి ఉంటే తప్పుని కూడా అట్ల మోస్తారు తమ్ముడూ, మీ సార్ ఒక్క బటన్ కదపొద్దు అనేదాంట్లో ఉండే నిజం ఇదే.

ఇంక వాళ్లబ్బాయి దగ్గరికొద్దాం, ఆయన భయం కూడా ఉత్తది కాదు. విజువల్ ఫాక్స్‌ప్రోలో ఆఖరిది 9వ వెర్షన్, 2004 చివర్లో వచ్చింది, ఇంక కొత్తది రాదని 2007లోనే మైక్రోసాఫ్ట్ చెప్పేసింది, 2015 జనవరితో సపోర్టు కూడా అయిపోయింది. ఒక్కో టేబుల్ ఫైలు 2 జీబీ దాటకూడదు. కరెంటు పోయిన క్షణంలో ఎవరన్నా బిల్లు కొడతా ఉంటే ఇండెక్స్ (రికార్డుల్ని తొందరగా వెతికిపెట్టే ఫైలు) పాడవ్వొచ్చు, మళ్లీ రీఇండెక్స్ చెయ్యాలి, ఆ ఫోన్లన్నీ నీకే వస్తా ఉంటాయి కదా. డేటా ఫైలుకి తాళం లేదు, ఆ ఫోల్డర్ దొరికితే ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. అన్నిటికంటే నాకు బాధ కలిగించేది, దాంట్లో యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ పనికొచ్చే ఒకే పద్ధతి) లేదు, అంటే రైతు పేరు తెలుగులో పెట్టుకుని ఫోన్లోకీ వాట్సాప్‌లోకీ సరిగ్గా పంపే వీల్లేదు. చిత్తూరు జిల్లాలో రైతుకి ఇంగ్లీషులో చీటీ ఇచ్చి చదువుకోమనడం ఏం న్యాయం?

అయితే అదంతా చూసి మొత్తం ఒక్కసారే కొత్తగా రాద్దాం అంటే మాత్రం నువ్వు అడ్డం నిలబడు. నెట్‌స్కేప్ అని ఒకప్పుడు పెద్ద బ్రౌజర్ ఉండేది. 1998లో పాత కోడ్ పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి రాయాలని మొదలుపెట్టినారు, 5వ వెర్షన్ అనేది బయటికే రాలేదు, 2000 నవంబర్లో 6 వచ్చేలోపల జనం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి పోయినారు. దానికి వేరే కారణాలూ ఉన్నాయి, ఎక్స్‌ప్లోరర్ విండోస్‌తో పాటు ఫ్రీగా వచ్చేది కదా, కానీ అన్నేళ్లు చేతిలో కొత్త సరుకు లేకుండా కూర్చోవడం మాత్రం వాళ్లు తెచ్చుకున్నదే. మీ కోడ్ తెరిచి చూడు, తిక్కగా కనపడే షరతులు వందల్లో ఉంటాయి. ఒక మండీలో హమాలీ క్రేటుకి లెక్క, ఇంకో చోట టన్నుకి. ఒకరు తరుగు తీసినాక కమీషన్ వేస్తారు, ఇంకొకరు ముందే వేస్తారు. ఒకరు పైసలు కొట్టేస్తారు, ఒకరు రూపాయికి పైకి జరుపుతారు. ఆ ఒక్కొక్క లైను వెనకాల ఎప్పుడో ఒక మండీ యజమాని కోపంగా చేసిన ఫోన్ కాల్ ఉంటుంది, అది యాడా రాసిపెట్టి ఉండదు, ఆ కోడ్‌లోనే ఉంటుంది. అది తీసేస్తే ఆ ఫోన్లన్నీ మళ్లీ మొదటి నుంచి రావాల్సిందే.

మన తిరుమల కొండనే చూడు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వచ్చింది, తర్వాత రెండోది వచ్చింది, ఇప్పుడు ఒకటి ఎక్కడానికి, ఒకటి దిగడానికి. రోడ్డొచ్చిందని అలిపిరి మెట్లు ఎవరూ తవ్వెయ్యలేదు. మెట్లని అట్లనే ఉంచి పైన కప్పు వేసినారు, నీళ్లు పెట్టినారు, లైట్లు పెట్టినారు. నడిచేవాళ్లు నడస్తారు, బస్సులో పొయ్యేవాళ్లు పోతారు, ఇద్దరూ చేరేది ఒకే చోటికి. నీ సాఫ్ట్‌వేర్‌కి కూడా ఆ పద్ధతే కావాలి.

పనిలో పెట్టాలంటే ఇట్ల చెయ్. ఇరవై ఏళ్ల కింద రాసిందంటే విజువల్ ఫాక్స్‌ప్రోనే అయ్యుంటుంది, అది ఓడీబీసీ (ప్రోగ్రాంకీ డేటాబేస్‌కీ మధ్య వంతెన లాంటిది) మీద వేరే డేటాబేస్‌తో మాట్లాడగలదు (32 బిట్ డ్రైవర్ వెయ్యాలి, 64ది వేస్తే దొరకదు, దీని దగ్గర చాలామంది గంటలు గంటలు కొట్టుకుంటారు). కాబట్టి ముందు స్క్రీన్లు ముట్టుకోకుండా కింద డేటాని పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ లాంటి దాంట్లోకి మార్చు, అది కూడా ఆ మండీలోని మెషీన్లోనే ఉండాలి, నెట్ ఉన్నప్పుడు క్లౌడ్‌లోకి కాపీ పోతా ఉండాలి, నెట్ లేకపోయినా బిల్లు ఆగకూడదు. ఒకేసారి అన్ని టేబుళ్లూ వద్దు, ముందు రైతుల ఖాతాలు, అది కుదిరినాక బిల్లులు, ఆ తర్వాత మిగతావి. ఒకవేళ మీది డాస్ కాలం నాటి 2.6 అయితే ఓడీబీసీ కుదరదు, అప్పుడు రాత్రి పూట కాపీ తీసి కొత్త డేటాబేస్‌లో పొయ్యడం దగ్గర మొదలుపెట్టు, స్పీడు తక్కువే గానీ నష్టం లేదు.

ఈ పని బయటికి ఏమీ కనపడదు. గుమస్తాకి మార్పు తెలియదు, వాళ్లబ్బాయికి చూపించుకోడానికి ఏమీ ఉండదు. అందుకే దీంతో పాటు కొత్తది ఒకటి బయటికి రావాలి, అది యాడ రావాలో కనుక్కునే ఉపాయం చెప్తా. మండీకి పోయినప్పుడు కంప్యూటర్ చూడొద్దు, కంప్యూటర్ పక్కన ఏ కాగితాలున్నాయో చూడు. అట్టపెట్టె ముక్క మీద రాసుకున్న ఫోన్ నంబర్లు, రైతులకిచ్చిన అడ్వాన్సుల నోటుబుక్కు, గోడకి అంటించిన రేట్లు, క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టిన తేదీలు. సాఫ్ట్‌వేర్ ఉండి కూడా మనుషులు ఆ పని పెన్నుతో చేసుకుంటా ఉన్నారంటే, ఇన్నేళ్లుగా మీ ప్రోగ్రాం ఆ పని చేసిపెట్టలేదు. చేతికి అలవాటు కుదిరిన చోట కొత్తదనం గుచ్చుకుంటుంది, కాగితం ఉండే చోట అదే కొత్తదనానికి దండం పెడతారు.

నాకు తెలిసినంతలో మొదటిది రైతు చీటీ. తెలుగులో, పేరు, తండ్రి పేరు, ఊరు, బరువు, తరుగు, రేటు, పట్టుకున్న అడ్వాన్సు, చేతికొచ్చే డబ్బు, ఇంతే. తండ్రి పేరూ ఊరూ ఎందుకంటే మన వైపు ఒక్క ఊర్లోనే ముగ్గురు మునిరత్నాలుంటారు, వెతికేటప్పుడు కూడా ఆ మూడూ పక్కపక్కన కనపడాలి, లేదంటే ఒకరి డబ్బు ఒకరికి పోతుంది. ప్రింటరు మాత్రం తొందరపడి మార్చొద్దు. డాట్ మ్యాట్రిక్స్ తీసి చిన్న థర్మల్ ప్రింటర్ పెడదాం అంటారు ఎవరో ఒకరు, సైలెంటుగా, స్పీడుగా ఉంటుంది నిజమే, కానీ దాంతో కార్బన్ కాపీ రాదు, ఎండకీ వేడికీ అక్షరాలు ఎగిరిపోతాయి, రైతు ఆ చీటీ డబ్బు చేతికొచ్చేదాకా జేబులో పెట్టుకుని తిరగతాడు. డాట్ మ్యాట్రిక్స్‌లో తెలుగు కొట్టాలంటే బొమ్మలాగా కొట్టాలి, నిదానంగా వస్తుంది. కాబట్టి కాపీల బిల్లు పాత పద్ధతిలోనే రానీ, తెలుగు చీటీ వాట్సాప్‌లో పంపు, ఫోన్ లేనాయనకి మాత్రం ప్రింటు.

2025 సీజన్ గుర్తుంది కదా, తోతాపురి రేటు పడిపోయి, ప్రభుత్వం కిలోకి 4 రూపాయలు సాయం ప్రకటించింది. అట్లాంటప్పుడు ఎవరు ఎన్ని కిలోలు ఎప్పుడు తోలినారు అనే లెక్క రైతు చేతిలో శుభ్రంగా ఉంటే ఆయనకి ఎంత ధైర్యమో ఆలోచించు. ముచ్చటేసేటట్టు చెయ్యాలి అన్నావే, దాని బరువు నాకు ఇట్లాంటి చోట కనపడుతుంది.

రెండోది మండీ యజమాని ఫోను. వాళ్లబ్బాయి అడిగే మొబైల్ యాప్‌కి సరైన చోటు ఇదే. యజమాని బిల్లు కొట్టడు, ఆయన తోటలోనో ఫ్యాక్టరీ గేటు దగ్గరో ఉండి ఎంత దిగింది, ఎంత పోయింది, ఎవరికి ఎంత బాకీ అని గంటకోసారి గుమస్తాకి ఫోన్ చేస్తా ఉంటాడు. ఆ మూడు అంకెలు ఫోన్లో కనపడితే చాలు. చూడ్డానికే, మార్చడానికి వద్దు. అంకెలు మన పద్ధతిలో 12,50,000 అని పడాలి, 1,250,000 అని పడితే ఆయన కామాలు లెక్కపెట్టుకుంటా కూర్చుంటాడు. ఇది చిన్న సెట్టింగే కానీ ఎన్ని యాప్‌లలో వదిలేస్తా ఉన్నారో చూస్తే కడుపు మండుతుంది.

గుమస్తాకి ముచ్చటేసేది ఏందో కూడా చెప్తా, యానిమేషన్లు కాదు. కరెంటు పోయి తిరిగొస్తే సగం కొట్టిన బిల్లు అట్లనే ఉండాలి. తప్పు కొడితే ఒక కీతో వెనక్కి రావాలి, ప్రతి దానికీ నిజంగా చెయ్యమంటారా అని అడిగే పెట్టెలు తీసెయ్, రోజుకి వంద బిల్లులు కొట్టే మనిషి అది చదవడు, అలవాటుగా ఎంటర్ కొడతాడు, అడిగి కూడా లాభం లేదు. ఎర్రర్ వస్తే దాని నంబర్ కాకుండా ఇప్పుడేం చెయ్యాలో రాయాలి: ప్రింటర్లో పేపర్ అయిపోయింది, పెట్టి ఎఫ్5 కొట్టండి, అట్ల. రైతు పేరు రెండక్షరాలు కొట్టగానే నిన్న మొన్న వచ్చినవాళ్లు ముందర రావాలి. ఇవన్నీ పాత స్క్రీన్లోనే, పాత కీలతోనే చెయ్యొచ్చు, ఒక్క అలవాటూ చెడదు.

ఏఐ గురించి. డబ్బు లెక్కలో వద్దు, అక్కడ నిన్న ఎంతొచ్చిందో ఇవాళా అంతే రావాలి. కాటా చీటీ ఫోటో తీస్తే బరువు చదివి ఫీల్డులో పెట్టడం, పాత నోటుబుక్కులోని అడ్వాన్సులు ఎక్కించడం, ఇట్లాంటి వాటికి ప్రయత్నించు, కానీ అది చదివింది మనిషి చూసి ఎంటర్ కొడితేనే ఖాతాలోకి పోవాలి. వాళ్లబ్బాయి ఒప్పుకోకపోతే యూపీఐ చూపించు. 2016లో అందరికీ కొత్తగా అనిపించింది, కానీ అది నడిచేది 2010 నుంచి బ్యాంకుల్లో ఉన్న ఐఎంపీఎస్ అనే, అప్పటికప్పుడు డబ్బు పంపే పద్ధతి మీదనే. కింద ఉన్నదాన్ని పడగొట్టలేదు, పైన మనిషికి సలీసైన దారి వేసినారు.

ఒక ముఖ్యమైన విషయం, పన్ను రేట్లు కోడ్‌లో రాసుంటే ముందు అవి బయటికి తియ్. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబుల్లో ఉన్న దాదాపు అన్ని వస్తువుల రేట్లూ మారినాయి, టేబుల్లో తేదీతో సహా రేటు పెట్టుకున్నవాళ్లు ఒక లైను మార్చుకున్నారు, కోడ్‌లో రాసుకున్నవాళ్లు అంగడి అంగడికీ తిరగాల్సొచ్చింది. పాత బిల్లు మళ్లీ ప్రింట్ తీస్తే పాత రేటే రావాలి, అందుకే తేదీ.

సింపుల్ చెయ్యాలని మెనూలో వాడనివి తీసేస్తావు కదా, ఆడ జాగ్రత్త. ఏది ఎన్నిసార్లు వాడినారో లెక్క తీసి తక్కువ వాడింది కొట్టెయ్యొద్దు, సంవత్సరం లెక్క మూసే స్క్రీన్ ఏడాదికి ఒక్కసారే తెరుస్తారు, ఆ రోజు అది కనపడకపోతే ఏమవుతుందో చెప్పాల్సిన పని లేదు. అరుదుగా వాడేవి లోపలి మెనూలోకి పంపు, రెండు సీజన్లూ ఒక మార్చి నెలా గడిచినా ఎవరూ అడగకపోతే అప్పుడు తీసెయ్.

టైం కూడా పనిలో భాగమే. మే నుంచి జులై దాకా ఏ మండీలోనూ ఏదీ మార్చమని చెప్పొద్దు. ఆగస్టు దాటినాక, మీ సార్ మాట కాదనని ఒక్క కస్టమర్ దగ్గర పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపించు, రోజూ రాత్రి రెండు టోటల్స్ పైసతో సహా కలవాలి. కలవని రోజు ఎందుకు కలవలేదో వెతికితే, ఇందాక చెప్పినానే ఆ తిక్క షరతులు, అవి ఒక్కొక్కటే బయటపడతాయి, వాటిని తెలుగులోనే ఒక పుస్తకంలో రాసిపెట్టు. గుమస్తాకి పాత స్క్రీన్‌కి తిరిగిపొయ్యే కీ ఒకటి ఇవ్వు, అది ఉందని తెలిస్తేనే కొత్తది ముట్టుకుంటాడు.

మీ సార్‌తోనూ వాళ్లబ్బాయితోనూ ఆఫీసులో కూర్చుని మాట్లాడొద్దు, ఆడ ఇద్దరూ తండ్రీకొడుకులే అవుతారు. ఇద్దర్నీ ఒక మండీకి తీసుకపో, ఒక పూట కౌంటర్ వెనకాల నిలబెట్టు. అబ్బాయి ఆ వేళ్ల స్పీడు చూడాలి, సార్ ఆ అట్టముక్కలూ నోటుబుక్కులూ చూడాలి. కొనేది యజమాని, వాడేది గుమస్తా, చీటీ తీసుకునేది రైతు, ముగ్గురికీ కావాల్సింది వేరే వేరే అని ఇద్దరికీ ఆడనే తెలుస్తుంది, నువ్వు పెద్దగా వాదించాల్సిన పని పడదు.

నీ కాగితం అడుగున చిన్నగా ఇంకో మాట రాశావు, సోర్స్ కోడ్ సార్ పాత కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా లేదని. డిజైన్, యాప్ అన్నీ పక్కన పెట్టు తమ్ముడూ, ఇది చదివిన రోజే దాన్ని రెండు వేరే చోట్ల కాపీ తియ్, గిట్‌లో (కోడ్‌లో ప్రతి మార్పునీ దాచిపెట్టే సాధనం) పెట్టు, ఆ కాపీ నుంచి ప్రోగ్రాం మళ్లీ తయారవుతుందో లేదో ఇంకో మెషీన్లో చేసి చూడు. అట్ల తయారైంది ఇప్పుడు మండీల్లో నడిచే దాంతో సరిపోకపోతే, ఏ కస్టమర్ దగ్గర ఏ వెర్షన్ ఉందో రాసుకుని రావడమే నీ మొదటి నెల పని.